కన్నదీ విన్నదీ

మనిషికి లోకం తెలిసేది జ్ఞానేంద్రియాల ద్వారా. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అనే అయిదింటిలోనూ చదువుకు ఎక్కువగా తోడ్పడేవి కన్నూ చెవీ. పుస్తకంలోని అక్షరం కంటి ద్వారా లోపలికి చేరుతుంది. ఉపాధ్యాయుడు చెప్పిన మాట చెవి ద్వారా చేరుతుంది. అయితే చేరినదంతా అక్కడ నిలుస్తుందా? పొద్దున చదివిన పాఠం సాయంత్రానికే జారిపోతుంది. పసితనంలో విన్న జోలపాట ముసలితనం దాకా నిలిచి ఉంటుంది. ఎందుకిలా జరుగుతుంది? జ్ఞాపకానికి కన్ను గొప్పదా, చెవి గొప్పదా? ఈ ప్రశ్న చాలా పాతది. దీనికి జవాబు తెలిసిన విద్యార్థికి చదువులో వృథా శ్రమ తగ్గుతుంది.

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని తెలుగు పిల్లలకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. ఈ తాలూకా కర్ణాటకలోనిదే అయినా దీనికి మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇక్కడ ఎన్నో ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. అమ్మ పిలుపు, అవ్వ చెప్పే కథ, సంతలో బేరం, శెనక్కాయల చేలో కూలివారి కబుర్లు తెలుగులోనే చెవిన పడతాయి. కంటికి మాత్రం ఎక్కువగా కన్నడం కనిపిస్తుంది. అంగళ్ళ మీది పేర్లు, ఊరి పేరు రాసిన పలకలు, కచేరీ కాగితాలు కన్నడంలో ఉంటాయి. బస్టాండులో నిలబడితే హిందూపురం, కల్యాణదుర్గం వైపు నుంచి వచ్చే ఆంధ్ర బస్సుల మీద తెలుగు అక్షరాలు కనబడతాయి. మిగిలిన చోట్ల తెలుగు రాతను వెతుక్కోవలసిందే. ఈ విధంగా ఒకే పిల్లవాడికి ఒక భాష ఎక్కువగా చెవి దారిన, మరొక భాష ఎక్కువగా కంటి దారిన అందుతున్నాయి. చెవికి మాత్రమే తెలిసిన భాషను మాట్లాడగలం గాని చదవలేం, రాయలేం. అందుచేత జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఇక్కడి విద్యార్థికి కేవలం పరీక్షల కోసం కాదు. తన మాతృభాషను నిలుపుకోవడం కోసం కూడా.

ఏ తరగతిలో చూసినా విద్యార్థులందరూ ఒకే తీరున చదవరు. ఒకడు పాఠాన్ని గట్టిగా చదివి తన గొంతు తానే వింటాడు. ఒకమ్మాయి పెదవి కదపకుండా చదివి, ముఖ్యమైన మాట కింద గీత గీస్తుంది. ‘నాకు వింటేనే బుర్రకెక్కుతుంది’ అని ఒకరంటే, ‘నాకు బొమ్మ ఉంటేనే అర్థమవుతుంది’ అని మరొకరంటారు. ఈ ఇష్టాలు నిజమైనవే. న్యూజిలాండుకు చెందిన నీల్ ఫ్లెమింగ్ అనే విద్యావేత్త ఇటువంటి ఇష్టాలను తెలుసుకోవడానికి ఒక ప్రశ్నావళిని తయారుచేసి, 1992లో మరొకరితో కలిసి దాన్ని వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. చూడటం, వినడం, చదవడం-రాయడం, చేసి తెలుసుకోవడం అని అందులో నాలుగు విధాలు ఉన్నాయి. తరువాత లోకమంతటా పాఠశాలల్లో ‘ఇతడు కంటి విద్యార్థి, ఇతడు చెవి విద్యార్థి’ అనే మాట వ్యాపించింది. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే ముందుగా చెవి శక్తినీ కంటి శక్తినీ విడివిడిగా చూడాలి.

మన దేశంలో చదువు చాలాకాలం చెవి మీదనే ఆధారపడింది. గురువు చెబితే శిష్యులు విని తిరిగి పలికేవారు. దానిని సంథ చెప్పడం అంటారు. ఒక్కసారి వినగానే పట్టుకోగలవాణ్ణి ఏకసంథాగ్రాహి అని మెచ్చుకుంటారు. వేదాలను నేర్చేవారు ఒకే వరుసలో వల్లించి ఊరుకోలేదు. క్రమపాఠంలో మొదటి పదాన్ని రెండో పదంతో, రెండో పదాన్ని మూడో పదంతో జతచేసి చెబుతారు. జటాపాఠంలో రెండు పదాలను ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు పలుకుతారు. ఒక్క పదం తప్పినా అల్లిక చెదిరి తప్పు బయటపడుతుంది. ముస్లిములలో ఖురాన్‌ను మొత్తం కంఠస్థం చేసినవారిని హాఫిజ్ అంటారు. వారు కూడా గురువు ముందు పలికి, తప్పులు దిద్దించుకొని నేర్చుకుంటారు. వీరిలో ఎవరూ వట్టి వినికిడితో సరిపెట్టుకోలేదు. విన్నదాన్ని తాము తిరిగి పలికారు.

చెవి జ్ఞాపకానికి తెలుగువారు చూపే గొప్ప ఉదాహరణ అవధానం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇచ్చి పూరించమంటారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటిని పద్యంలో పొదగమంటారు. అది దత్తపది. ఒకరు అవధాని పలకబోయే అక్షరాన్ని ఊహించి, అది వాడరాదని అడ్డుపడతారు. అది నిషిద్ధాక్షరి. ఇంకొకరు సంబంధం లేని మాటలతో ఏకాగ్రతను చెదరగొట్టాలని చూస్తారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ ముందుకు సాగి, నాలుగు ఆవృత్తాల్లో పద్యాలు పూర్తిచేస్తాడు. చివరకు కాగితం ముట్టకుండా పద్యాలన్నీ అప్పజెబుతాడు. దానికే ధారణ అని పేరు. తిరుపతి వేంకట కవులుగా పేరొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యకు జనంలో ఆదరణ తెచ్చారు. కర్ణాటకలో 1962లో కోలారులో పుట్టిన శతావధాని ఆర్. గణేశ్ కన్నడంలో అవధానానికి మళ్ళీ జీవం పోశారు.

ఈ ధారణ ఎలా సాధ్యమవుతుంది? దీనికి పద్యం కట్టుబాటు కూడా తోడ్పడుతుంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు ఉంటాయి. పదవ అక్షరం యతిస్థానం. ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ప్రాస. ఒక మాట తారుమారైతే గణం కుంటుతుంది, చెవి వెంటనే పసిగడుతుంది. అంటే ఛందస్సు జ్ఞాపకానికి పట్టుకొమ్మ. దానికి తోడు అవధాని ఏళ్ళ తరబడి కావ్యాలు చదివి ఉంటాడు. పద్యం అర్థం అతనికి తెలుసు. కాబట్టి చెవి ఒక్కటే ఈ పని చేసిందనడం సరికాదు.

ఇక కంటి సంగతి. 1973లో కెనడాలో లయొనెల్ స్టాండింగ్ అనే పరిశోధకుడు కొందరికి 10,000 చిత్రాల దాకా చూపించాడు. తరువాత చూసిన చిత్రాన్నీ చూడని చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది చూశారని అడిగాడు. వారు చాలా ఎక్కువ చిత్రాలను సరిగా గుర్తుపట్టారు. రూపాన్ని పట్టుకోవడంలో కంటికి అంత శక్తి ఉంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. దారిన కనబడిన మనిషి ముఖం తెలిసినట్టే ఉంటుంది, పేరు మాత్రం నోటికి రాదు. పుస్తకం తెరిస్తే ‘ఇదంతా నాకు తెలుసు’ అనిపించి, పరీక్షలో కలం కదలకపోవడానికి కారణం కూడా ఇదే.

కన్నూ చెవీ కలిసి పనిచేసే కళ పావగడకు ఎంతో దూరంలో లేదు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఉన్నారు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. తోలును పలుచగా చేసి, రంగులు వేసి, తెల్లని తెర వెనుక దీపపు వెలుగులో బొమ్మలను ఆడిస్తారు. బొమ్మ కదులుతుంది, దానికి సరిగ్గా పాటా మాటా వినబడతాయి. అక్షరం రానివారు సైతం రామాయణ, భారత కథలను పాత్రల రూపాలతో, మాటలతో సహా గుర్తుంచుకోవడానికి ఇటువంటి ఆటలు తోడ్పడ్డాయి.

ఇలా కలిపి అందించినప్పుడు ఎక్కువ నిలవడానికి కారణాన్ని కెనడా శాస్త్రవేత్త ఎలన్ పైవియో 1971లో వచ్చిన తన గ్రంథంలో వివరించాడు. మనసు మాటలను ఒక విధంగా, రూపాలను మరొక విధంగా భద్రపరుస్తుందని అతని సిద్ధాంతం. ‘కోట’ అనే మాట మాత్రమే విన్నవాడికి ఒక గుర్తు ఏర్పడుతుంది. ఆ మాటతో పాటు పావగడ కొండ మీది కోటగోడను చూసినవాడికి రెండు గుర్తులు ఏర్పడతాయి. రెండు తాళ్ళు కట్టిన బిందె బావిలో పడితే, ఒక తాడు తెగినా రెండో తాడుతో చేదుకోవచ్చు. జ్ఞాపకం కూడా అటువంటిదే.

1974లో బ్రిటన్‌కు చెందిన ఎలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ మరొక సంగతి చెప్పారు. అప్పటికప్పుడు అందిన విషయాన్ని కాసేపు నిలుపుకొనే చోటు మనసులో ఒకటి ఉంది. అందులో ఒక భాగం శబ్దాలను లోలోపల పలుకుకుంటూ నిలుపుతుంది. మరొక భాగం రూపాలను, స్థానాలను నిలుపుతుంది. ఒక్కొక్క భాగం మోయగల బరువు కొద్దిపాటిదే. పాట వింటూ పాఠం చదివితే పాటలోని మాటలూ పాఠంలోని మాటలూ ఒకే చోటు కోసం తోసుకుంటాయి. పటం చూస్తూ దాని వివరణ వింటే అంత తొక్కిసలాట ఉండదు. ఒకటి రూపం దారిన, ఒకటి శబ్దం దారిన వెళతాయి.

కన్నూ చెవీ లోపల ఎంతగా ముడిపడి ఉన్నాయో ఆర్. కాన్రాడ్ 1964లో ప్రచురించిన పరిశోధన తెలుపుతుంది. అతడు ఇంగ్లీషు అక్షరాలను వినిపించలేదు, చూపించాడు. అయినా గుర్తుచేసుకొని రాసేటప్పుడు జనం పలుకులో దగ్గరగా ఉన్న అక్షరాలనే ఎక్కువగా తారుమారు చేశారు. ‘బి’ చూసినవారు ‘వి’ అని రాయడం వంటివి జరిగాయి. కంటితో చూసినదాన్ని కూడా వారు లోపల పలుకుకొని దాచుకున్నారన్నమాట.

మరి ‘కంటి విద్యార్థి, చెవి విద్యార్థి’ అనే విభజన సంగతేమిటి? హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి 2008లో తమ అభిప్రాయం ప్రకటించారు. మనుషులకు ఇష్టాలు ఉన్నమాట నిజమే. కాని ఎవరి ఇష్టానికి తగినట్టు వారికి బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన సాక్ష్యం లేదని వారు తేల్చారు. తీపి ఇష్టమైనంత మాత్రాన తీపి ఒక్కటే బలం ఇవ్వదు గదా! చదువు కూడా అంతే. ‘నేను వినేవాణ్ణి, నాకు పుస్తకం పనికిరాదు’ అని ఒక విద్యార్థి అనుకుంటే అతడు తనకు ఉన్న రెండు తలుపుల్లో ఒకదాన్ని తానే మూసుకున్నట్టు.

ఏ దారి మంచిదో నిర్ణయించడంలో మనిషి ఇష్టం కంటే విషయం స్వభావం ముఖ్యం. పావగడ ఎక్కడుందో మాటల్లో చెప్పి చూడండి. ఉత్తరాన కల్యాణదుర్గం, తూర్పున పెనుకొండ, దక్షిణాన మడకశిర, పడమట చిత్రదుర్గ జిల్లా. నాలుగు మాటలూ విన్నవాడు కాసేపటికి ఏ దిక్కున ఏదో మరచిపోవచ్చు. పటం గీసి చూపితే ఒక్క చూపులో తెలుస్తుంది. చూడటం ఇష్టమైనవాడికైనా, వినడం ఇష్టమైనవాడికైనా పటమే మేలు. పద్యం నడక తెలియాలంటే మాత్రం ఎవరైనా వినవలసిందే. ఉత్పలమాలకు ఎన్ని గురు లఘు చిహ్నాలు చూసినా, రాగయుక్తంగా ఒకసారి వింటే కలిగే ఎరుక కలగదు. సైకిలు తొక్కడం చూసీ రాదు, వినీ రాదు, తొక్కితేనే వస్తుంది.

తెలుగు రాయడం నేర్చుకొనేవారి తప్పులను పరిశీలిస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ‘పలక’ను ‘వలక’ అని రాస్తే అది కంటి పొరపాటు. ప, వ రూపంలో దగ్గరివి. మ, య కూడా అటువంటివే. ‘విద్యార్థి’ని ‘విద్యార్ధి’ అని రాస్తే అది చెవి పొరపాటు. వాడుకలో థ, ధ తేడా తెలిసేలా పలికేవారు తక్కువ. కాని ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఈ తేడాను చెవి పట్టలేకపోతే కన్ను పట్టుకోవాలి. ‘కల’, ‘కళ’ల తేడాను మాత్రం తెలుగు వాడుక బాగా ఎరిగిన చెవి ఇట్టే చెబుతుంది. కాబట్టి కంటి పొరపాటును పైకి చదవడం ద్వారా, చెవి పొరపాటును చూసి రాయడం ద్వారా దిద్దుకోవచ్చు.

రెండు లిపులు నేర్చే పావగడ పిల్లలకు మరో చిక్కు, మరో లాభం ఉన్నాయి. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి పుట్టాయి. గ, ద, బ, ల వంటి అక్షరాలు రెండింటిలోనూ చాలా దగ్గరగా ఉంటాయి. క, త వంటివి వేరుగా ఉంటాయి. తలకట్టు పెట్టే తీరు కూడా వేరు. దగ్గరగా ఉన్నవాటిని చూసి అన్నీ ఒకటే అనుకుంటే చేయి తడబడుతుంది. రెండు లిపుల అక్షరాలనూ పక్కపక్కన రాసుకొని తేడాను గమనిస్తే ఆ తడబాటు పోతుంది. మాటల్లోనూ ఇటువంటి చుట్టరికం ఉంది. తెలుగులో పాలు, కన్నడంలో హాలు. పులి – హులి, పాము – హావు, పువ్వు – హూవు, పండు – హణ్ణు. ఈ మాటలను ఒక్కొక్కటిగా బట్టీపట్టనక్కరలేదు. ఈ మాటల్లో తెలుగు ‘ప’కారం ఉన్నచోట కన్నడంలో ‘హ’కారం ఉందని గమనిస్తే చాలు, ఒక్క సూత్రంతో అయిదు మాటలు నిలుస్తాయి. కన్నుకూ చెవికీ మించిన మూడో బలం ఇదే. విషయాల మధ్య సంబంధం తెలిసినప్పుడు జ్ఞాపకం దానంతట అది గట్టిపడుతుంది.

అయినా మరుపు సహజం. 1885లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకాన్నే పరీక్షించుకొని ఒక నిజం కనుగొన్నాడు. నేర్చుకొన్నది మొదట వేగంగా, తరువాత మెల్లగా మరపున పడుతుంది. కాబట్టి నేర్చిన తొలినాళ్ళలోనే మళ్ళీ తలచుకోవడం అవసరం. తలచుకోవడం అంటే పుస్తకం తెరిచి మళ్ళీ చదవడమా? 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి విద్యార్థుల చేత ఒక భాగాన్ని చదివించారు. కొందరు దాన్నే తిరిగి చదివారు. కొందరు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే తిరిగి చదివినవారే ముందున్నారు. వారం తరువాత మాత్రం చూడకుండా రాసినవారు ఎక్కువ గుర్తుంచుకున్నారు. పాతకాలపు బడిలో పాఠం అప్పజెప్పించుకోవడంలోని మేలు ఇదే. ఓనమాలు దిద్దే పిల్లలు ఇసుకలో వేలితో రాస్తూ, రాసినదాన్ని చూస్తూ, పైకి పలుకుతూ నేర్చేవారు. కన్ను, చెవి, నోరు, చేయి నాలుగూ ఒకేసారి పనిచేసేవి.

ఇష్టం వేరు, ఇబ్బంది వేరు. ఈ తేడాను ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ గమనించాలి. విన్నది చక్కగా చెప్పే పిల్లవాడు నల్లబల్ల మీది అక్షరాలను తప్పుగా రాస్తుంటే, పుస్తకాన్ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటుంటే అతనికి చూపు తగ్గి ఉండవచ్చు. పిలిస్తే పలకని పిల్ల, ఎదుటివారి పెదవులనే చూసే పిల్ల సరిగా వినలేకపోతూ ఉండవచ్చు. అటువంటివారికి ‘మొద్దు’ అనే పేరు పెట్టడం అన్యాయం. వైద్యునికి చూపించాలి. కళ్ళద్దాలతోనో, వినికిడి యంత్రంతోనో వారి చదువు దారిన పడవచ్చు.

ఒక దారి పూర్తిగా మూసుకుపోయినా జ్ఞానం మరో దారి వెతుక్కుంటుంది. ఫ్రాన్సులో బాల్యంలోనే చూపు పోగొట్టుకొన్న లూయీ బ్రెయిలీ (1809–1852) వేళ్ళతో తడిమి చదివే చుక్కల లిపిని రూపొందించాడు. మన దేశ భాషలకు 1951లో భారతి బ్రెయిలీ ఏర్పడింది. అందులో ఒకే ధ్వనికి అన్ని భాషల్లోనూ ఒకే గుర్తు ఉండేలా చూశారు. కంటికి తెలుగు ‘క’ వేరు, కన్నడ ‘క’ వేరు. వేలికి మాత్రం రెండూ ఒక్కటే.

దీన్నిబట్టి కన్నూ చెవీ పోటీదారులు కావనీ, ఒకే బండికి కట్టిన రెండు ఎద్దులనీ తెలుస్తున్నది. ఏది ముందు నడిచినా రెండోది వెంట నడవాలి. పావగడ ప్రాంతపు తెలుగు విద్యార్థికి చెవి ఎద్దు పుట్టుకతోనే బలమైనది. ఇంట్లో వినబడే కథలు, సామెతలు, పొడుపుకథలు అతని సొత్తు. ఇప్పుడు కంటి ఎద్దును దాని పక్కన నిలపాలి. అవ్వ చెప్పిన ఒక కథను విని, మరునాడు ఎవరినీ అడగకుండా గుర్తుచేసుకొని తెలుగులో రాయాలి. రాసినదాన్ని అవ్వకు చదివి వినిపించాలి. కథలో మాట జారితే అవ్వ చెవి దిద్దుతుంది. రాతలో అక్షరం తప్పితే పాఠ్యపుస్తకం దిద్దుతుంది. ఈ పనికి ఒక నోటుపుస్తకం, ఒక కలం, రోజుకు పావుగంట చాలు. అలా రాసిన కథ విద్యార్థికి గుర్తుంటుంది. అవ్వ నోట మాత్రమే ఉన్న కథ తరువాతి తరంవారు చదువుకోవడానికి కాగితం మీద నిలుస్తుంది.